తెర కునుకు తీసినప్పుడు అక్షరాలు కనబడకపోతే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కంప్యూటర్

గ్రాఫిక్స్ డ్రైవర్ (తెరకు బొమ్మను పంపే గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే ప్రోగ్రామ్) విద్యుత్తును ఆదా చేసే తీరులో తలెత్తే లోపాల గురించి అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల నుంచి ఒకే తరహా ఉత్తరాలు అందాయి. వాటిలో నాలుగింటికి ఈ సంచికలో జవాబు ఇస్తున్నాం. రాసినవారి పేర్లను, వారి ల్యాప్‌టాప్‌ల తయారీదారుల పేర్లను వదిలివేశాం. ఆదేశాలను ఉచ్చారణను బట్టి తెలుగులో ఇచ్చాం. కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, మేము ఖాళీ చూపిన చోట తప్ప మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

ప్రశ్న: అయ్యా, నేను అనంతపురంలో ఎం.టెక్. చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ రకానికి చెందిన ఉబుంటు వాడుతున్నాను. ఈ మధ్య అప్‌డేట్ చేసినప్పటి నుంచి ఒక ఇబ్బంది మొదలైంది. పాఠం చదువుకుంటూ కాసేపు కీబోర్డును, మౌస్‌ను ముట్టకుండా ఉండి, మళ్లీ టైపు చేయబోతే అక్షరాలు తెరమీదికి రావడం లేదు. మౌస్‌ను కొంచెం కదిపితే అప్పటిదాకా కొట్టినవన్నీ ఒక్కసారిగా కనబడుతున్నాయి. ఛార్జర్ పెట్టినా, తీసినా ఇదే తీరు. ఊళ్లో చూపిస్తే తెర మార్చాలన్నారు. ఇంకొకరు బెంగళూరు తీసుకువెళ్లమన్నారు. స్నేహితులేమో ‘పీఎస్ఆర్ ఆపేస్తే చాలు’ అంటున్నారు. అదేమిటి? దాన్ని ఆపితే యంత్రం బాగైనట్టేనా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: ముందుగా తెర మార్చే ఆలోచనను విరమించుకోండి. మౌస్ కదపగానే అక్షరాలన్నీ చెక్కుచెదరకుండా కనబడుతున్నాయంటే తెర, దాని కేబుల్, గ్రాఫిక్స్ చిప్ మూడూ తమ పని చేస్తున్నాయనే అర్థం. బొమ్మ మారిందన్న కబురు మాత్రమే తెరకు సమయానికి అందడం లేదు. ఆ కబురు అందించవలసింది డ్రైవర్.

పీఎస్ఆర్ అంటే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్. 1920×1080 కొలత గల తెరమీద 20,73,600 చుక్కలు ఉంటాయి. ఒక్కొక్క చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక నిండు బొమ్మకు దాదాపు 83 లక్షల బైట్లు అవుతాయి. సెకనుకు 60 సార్లు తెరను తాజా చేయాలి కాబట్టి, మీరు ఒకే పేజీని పది నిమిషాలు కదపకుండా చదువుతున్నా గ్రాఫిక్స్ చిప్ ప్రతి సెకనూ సుమారు 50 కోట్ల బైట్లను మెమరీ నుంచి చదివి తెరకు పంపుతూనే ఉంటుంది. ఈ వృథాను తగ్గించడానికి వీఈఎస్ఏ అనే ప్రమాణాల సంస్థ ల్యాప్‌టాప్ లోపలి తెరను కలిపే పద్ధతికి 2011లో వెలువరించిన ఈడీపీ 1.3 ప్రమాణంలో ఒక ఏర్పాటు చేసింది. దాని ప్రకారం, తెరలోని నియంత్రణ చిప్‌కు సొంతంగా కొంత మెమరీ ఉంటుంది. బొమ్మ కొంతసేపు మారకపోతే డ్రైవర్ చివరి బొమ్మను ఆ మెమరీలో నిలిపి, ఇకమీదట దాన్నే చూపించుకోమని తెరకు అప్పగిస్తుంది. అప్పుడు తెరకూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న లింకు నిద్రపోతుంది, దానితోపాటు ప్రాసెసర్‌లో మరికొన్ని భాగాలకూ విశ్రాంతి దొరుకుతుంది. ఆ తరువాత వచ్చిన పీఎస్ఆర్ 2 ఇంకొక మెట్టు పైకి వెళ్లి, మారిన వరుసలను మాత్రమే తెరకు పంపడానికి వీలు కల్పించింది.

ఈ ఏర్పాటు ఎంత తెలివైనదో అంత సున్నితమైనది కూడా. బొమ్మ ఏ దారిన మారినా ఆ సంగతి డ్రైవర్‌కు తెలియాలి. అక్షరం పడినా, గడియారంలో నిమిషం మారినా, వీడియో నడిచినా డ్రైవర్ తక్షణం లింకును మేల్కొలిపి కొత్త బొమ్మను పంపాలి. అనేక దారుల్లో ఒక్క దారిని గమనించకుండా వదిలేసినా, పీఎస్ఆర్ 2లో మారిన వరుసల లెక్క తప్పినా, తెర తన దగ్గరున్న పాత బొమ్మనే నమ్మకంగా చూపిస్తూ ఉంటుంది. మౌస్ బాణం కదలిక వేరే దారిలో డ్రైవర్‌కు చేరుతుంది కనుక దాన్ని కదపగానే లింకు మేల్కొంటుంది, అప్పటిదాకా మెమరీలో సిద్ధంగా ఉన్న అక్షరాలన్నీ తెరకు చేరతాయి. మీరు రాసిన లక్షణాలు దీనికి అచ్చంగా సరిపోతున్నాయి. అయినా అనుమానాన్ని పరీక్షించి నిర్ధారించుకోవడం మంచిది.

మొదట టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ‘ఎల్ఎస్‌పీసీఐ’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ‘–కె’ అని చేర్చి ఎంటర్ నొక్కండి. గ్రాఫిక్స్ భాగం కింద ఏ డ్రైవర్ పని చేస్తున్నదో కనబడుతుంది. తరువాత యంత్రాన్ని మళ్లీ ప్రారంభించి, గ్రబ్ మెనూ (ఉబుంటు మొదలయ్యేముందు కనబడే జాబితా) వచ్చినప్పుడు ‘ఇ’ అక్షరం నొక్కండి. ‘లినక్స్’ అని మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదలండి. ఇంటెల్ డ్రైవర్ ఐ915 అయితే ‘ఐ915.ఎనేబుల్_పీఎస్ఆర్=0’ అనీ, కొత్త ఇంటెల్ యంత్రాల్లో ఉండే ఎక్స్ఈ అయితే ‘ఐ915’ స్థానంలో ‘ఎక్స్ఈ’ అనీ, ఏఎండీ డ్రైవర్ ఏఎండీజీపీయూ అయితే ‘ఏఎండీజీపీయూ.డీసీడీబగ్‌మాస్క్=0ఎక్స్10’ అనీ చేర్చి, కంట్రోల్‌తో పాటు ఎక్స్ నొక్కండి. ఇది ఆ ఒక్కసారికే వర్తిస్తుంది, తరువాతి ప్రారంభంలో తనంతట తానే పోతుంది కనుక భయపడవలసిన అవసరం లేదు. కొన్ని గంటలు మామూలుగా పని చేసుకోండి. ఇబ్బంది పూర్తిగా పోయి, మార్పు తీసివేయగానే తిరిగి వస్తే లోపం పీఎస్ఆర్ దారిలోనే ఉన్నదని తేలినట్టే.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. చాలామంది పీఎస్ఆర్‌తోపాటు ఫ్రేమ్‌బఫర్ కంప్రెషన్‌ను (బొమ్మను మెమరీలో కుదించి ఉంచే మరో ఆదా పద్ధతిని), డిస్‌ప్లే నిద్రస్థితులను కూడా ఒకే వరుసలో ఆపేసే ఆదేశాలను ఎవరో ఇచ్చినవి ఇచ్చినట్టు ఎక్కించుకుంటారు. తెర బాగుపడుతుంది, కాని ఏది దోషో ఎప్పటికీ తెలియదు. ‘నోమోడ్‌సెట్’ పెట్టడం ఇంకా దారుణం. అది అసలు డ్రైవర్‌నే పక్కకు నెట్టేస్తుంది కాబట్టి దానితో తెర బాగైతే ఏమీ రుజువైనట్టు కాదు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి.

‘ఆపితే బాగైనట్టేనా’ అని అడిగారు. కాదు. పీఎస్ఆర్‌ను ఆపడం రోగాన్ని గుర్తించే పరీక్ష మాత్రమే, చికిత్స డ్రైవర్‌లోనే జరగాలి. అంతవరకు చదువు సాగాలి కనుక ఆపి ఉంచడంలో తప్పు లేదు. ఐ915లో 0 బదులు 1 ఇచ్చి చూడండి. అప్పుడు పీఎస్ఆర్ 2 మాత్రమే ఆగి, మొదటి రకం పని చేస్తూ ఉంటుంది. దానితోనే ఇబ్బంది పోతే ఆదాలో కొంతైనా మీకు మిగులుతుంది, లోపం ఏ భాగంలో ఉన్నదో కూడా తేలుతుంది. నికరంగా ఎంత నష్టపోతున్నారో ‘పవర్‌టాప్’ అనే ప్రోగ్రామ్‌తో మీరే కొలుచుకోవచ్చు. ఛార్జర్ తీసేసి, తెర వెలుతురును ఒకే స్థాయిలో ఉంచి, కదలని పేజీ ఒకటి తెరిచి పది నిమిషాలు వదిలి, ఎన్ని వాట్లు ఖర్చవుతున్నాయో రెండు విధాలుగానూ రాసుకోండి. ఉదాహరణకు 45 వాట్ అవర్ల బ్యాటరీ 5 వాట్ల ఖర్చుతో 9 గంటలు వస్తుంది, 6 వాట్లయితే 7 గంటల 30 నిమిషాలే వస్తుంది. తేడా ఒక్క వాటే అయినా, కరెంటు పోయిన మధ్యాహ్నం పని చేసుకోవలసిన విద్యార్థికి గంటన్నర చిన్న సంగతి కాదు.

మీ ఉత్తరంలో ‘అప్‌డేట్ చేసినప్పటి నుంచి’ అన్న మాట అన్నిటికంటే విలువైనది. గ్రబ్ మెనూలో ఉబుంటు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళితే పాత కెర్నెల్ (డ్రైవర్లతో కూడిన లినక్స్ మూల భాగం) ఇంకా ఉండవచ్చు. దానితో ప్రారంభించి చూడండి. పాతదానిలో ఇబ్బంది లేకపోతే, పని చేస్తున్నది కొత్త మార్పు వల్ల చెడిందని రుజువవుతుంది. వాడుకరులకు పని చేస్తున్నదాన్ని చెడగొట్టరాదన్నది లినక్స్ కెర్నెల్ నిర్మాతలు గట్టిగా పట్టుకున్న నియమం కాబట్టి అటువంటి ఫిర్యాదుకు ప్రాధాన్యం లభిస్తుంది. ఇంటెల్, ఏఎండీ డ్రైవర్ల లోపాలను ఫ్రీడెస్క్‌టాప్ సంస్థ నడిపే గిట్‌ల్యాబ్ వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. యంత్రం మోడల్, బాగున్న కెర్నెల్ సంఖ్య, చెడిన కెర్నెల్ సంఖ్య, మీరు చేసిన పరీక్షల ఫలితాలు తప్పక రాయండి. ‘డీఆర్ఎమ్.డీబగ్=0ఎక్స్ఇ’ అన్నదాన్ని పైన చెప్పిన వరుసలోనే చేర్చి ప్రారంభించి, ఇబ్బంది కనబడిన వెంటనే ‘డీమెసేజ్’ ఆదేశంతో తీసిన నమోదును జతచేయండి. ఆ ఆదేశాన్ని ఇంగ్లీషులో డి, ఎమ్, ఇ, ఎస్, జి అన్న అయిదు అక్షరాలతో రాస్తారు.

ప్రశ్న: నేను ప్రొద్దుటూరులో ఉపాధ్యాయుడిని. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంది. ఛార్జర్ తీయగానే తెర మినుకుమినుకుమంటుంది, తెల్లని పేజీ తెరిస్తే ఒక వెలుతురు, నల్లని స్లైడు తెరిస్తే మరొక వెలుతురు వస్తుంది. ఛార్జర్ పెడితే ఏ దోషమూ లేదు. ఏమి చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు

జవాబు: గురువుగారూ, మీ ఉత్తరంలో రెండు వేర్వేరు విషయాలు కలిసి ఉన్నాయి. బొమ్మను బట్టి వెలుతురు మారడం లోపం కాదు, అది కావాలని పెట్టిన ఆదా పద్ధతి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు బొమ్మలోని రంగులను కాస్త సవరించి, ఆ మేరకు వెనుక దీపాన్ని తగ్గిస్తారు. ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లో సిస్టమ్, అందులో పవర్ అన్న పుటలో ‘డిస్‌ప్లే పవర్ సేవింగ్స్’ పేరుతోనూ, ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో ‘వేరీబ్రైట్’ పేరుతోనూ ఇది ఉంటుంది. తరగతిలో ఇబ్బందిగా ఉంటే నిస్సంకోచంగా ఆపేయండి. మినుకుమినుకుమనడం మాత్రం లోపమే. అదే పుటలో ‘ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్’ ఒక్కదాన్ని ఆపి ఒక రోజు గమనించండి. తగ్గితే, మీ ల్యాప్‌టాప్ తయారీదారు ఇచ్చే తాజా గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఎక్కించి, ఆ తరువాత దాన్ని మళ్లీ పెట్టి చూడండి. పాఠం మధ్యలో తెర బిగుసుకుపోతే విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. యంత్రాన్ని ఆపనవసరం లేకుండా గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది, తెరిచి ఉన్న ఫైళ్లకు మామూలుగా నష్టం ఉండదు.

ప్రశ్న: నాకు కర్నూలులో ల్యాప్‌టాప్ రిపేరు దుకాణం ఉంది. తెర వణుకుతున్నదనీ, గీతలు పడుతున్నాయనీ తెచ్చే యంత్రాల్లో ఏది తెర దోషమో, ఏది డ్రైవర్ దోషమో విప్పకముందే తేల్చుకునే మార్గం ఉందా? తెర మార్చిన తరువాత కూడా అదే ఫిర్యాదుతో తిరిగి వచ్చినవారు ఉన్నారు. వారి దగ్గర డబ్బు తీసుకోవాలంటే మనసొప్పడం లేదు.
– ఒక మెకానిక్, కర్నూలు

జవాబు: విప్పకముందే చాలావరకు తేల్చుకోవచ్చు. గీతలు కనబడుతుండగా ముందు స్క్రీన్‌షాట్ తీయించి, దాన్ని మరొక ఫోనులోనో, కంప్యూటర్‌లోనో తెరిచి చూడండి. స్క్రీన్‌షాట్‌లో కూడా గీతలు ఉంటే బొమ్మ తయారవుతున్న దశలోనే దోషం ఉంది కాబట్టి తెర జోలికి పోనక్కర లేదు. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే దోషం ఆ తరువాతి దారిలో ఉన్నదన్నమాట: డ్రైవర్ తెరకు పంపే విధానంలోనో, కేబుల్‌లోనో, తెరలోనో. అప్పుడు మూతను నెమ్మదిగా పైకీ కిందికీ కదపండి. మూత కోణాన్ని బట్టి గీతలు మారితే కేబుల్‌ను అనుమానించండి, డ్రైవర్‌కు మూత ఎంత వంగిందన్న తేడా తెలియదు. తరువాత బయాస్ సెటప్‌లోకి వెళ్లి కొన్ని నిమిషాలు వదిలేయండి. ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవర్ ఇంకా మొదలు కాని ఆ స్థితిలో కూడా తెర వణికితే దోషం ఆ డ్రైవర్‌ది కాదు, తెరనో, కేబుల్‌నో, గ్రాఫిక్స్ చిప్‌నో అనుమానించాలి. అక్కడ నిశ్చలంగా ఉండి, విండోస్ గాని లినక్స్ గాని పూర్తిగా లేచిన తరువాతే వణికితే, మొదటి రెండు జవాబుల్లో చెప్పిన విధంగా పీఎస్ఆర్‌ను ఆపి చూడండి.

తెర మార్చిన తరువాత కూడా తిరిగి వస్తున్నారన్నదానికి ఒక కారణం ఉంది, దీన్ని మీ వృత్తిలోని వారందరూ తెలుసుకోవాలని నా కోరిక. పీఎస్ఆర్ తనకు ఉన్నదో లేదో తెర తనే డ్రైవర్‌కు చెబుతుంది. ఒకే కొలత, ఒకే కనెక్టర్ ఉన్న రెండు తెరల్లో ఒకటి ఉన్నదని చెప్పవచ్చు, ఇంకొకటి లేదని చెప్పవచ్చు. అందుచేత పీఎస్ఆర్ లేని తెర వేసినప్పుడు డ్రైవర్ లోపం బయటపడే అవకాశమే పోయి, తెర మార్చడం వల్లనే బాగైందని అనిపిస్తుంది. అదివరకు ఏ ఇబ్బందీ లేని యంత్రానికి, పగిలిన తెర స్థానంలో పీఎస్ఆర్ ఉన్న తెర వేస్తే కొత్తగా ఇబ్బంది పుట్టవచ్చు కూడా. అటువంటప్పుడు మీరు వేసిన తెరలో దోషం లేదు, మీ పనిలోనూ దోషం లేదు. తెర వెనుక చీటీమీద ఉన్న మోడల్ సంఖ్యను మార్చకముందు, మార్చిన తరువాత పుస్తకంలో రాసి పెట్టుకోండి. అదే సంఖ్యతో ఫిర్యాదులు పదేపదే వస్తుంటే ఆ వివరం డ్రైవర్ రాసేవారికి ఎంతో ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఫలానా తెరతో పీఎస్ఆర్‌ను వాడవద్దని డ్రైవర్‌లో మినహాయింపు రాయడానికి వారికి కావలసింది సరిగ్గా అటువంటి గుర్తింపే.

ప్రశ్న: కడపలో బి.టెక్. చివరి సంవత్సరం చదువుతున్నాను. సి భాష బాగా వచ్చు. డ్రైవర్‌లో విద్యుత్తు ఆదాకు సంబంధించిన లోపాన్ని నిజంగా సరిచేయడం అంటే ఏమి చేస్తారు? నావంటివాడు చేయగలడా?
– ఒక విద్యార్థి, కడప

జవాబు: చేయగలరు. అయితే ఓర్పు కావాలి. ఈ రకం లోపాలు కోడ్‌లో చిన్నవి, వెతుకులాటలో పెద్దవి.

చాలా లోపాలకు మూలం లెక్కలో ఉంటుంది. గ్రాఫిక్స్ చిప్‌ను మేల్కొలపవలసిన ప్రతి పనీ ముందుగా ఒక లెక్కను ఒకటి పెంచుతుంది, పని అయ్యాక ఒకటి తగ్గిస్తుంది, లెక్క సున్నాకు చేరినప్పుడే చిప్ నిద్రపోతుంది. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి బోరు దగ్గర చివరగా నీళ్లు కట్టుకున్నవాడే మోటారు ఆపవలసి ఉన్నట్టే ఇదీ. కోడ్‌లో ఏదో ఒక దారి, ముఖ్యంగా దోషం ఎదురై మధ్యలోనే వెనుదిరిగే దారి, లెక్కను తగ్గించడం మరిచిపోతే చిప్ ఎన్నటికీ నిద్రపోదు. యంత్రం పైకి బాగానే కనబడుతుంది కాని బ్యాటరీ కరిగిపోతుంది, మూత మూసి సంచిలో పెట్టినా వేడిగా ఉంటుంది. ఒక దారి లెక్కను పెంచకుండానే చిప్‌లోని రిజిస్టర్‌ను (చిప్ తన స్థితిని ఉంచే చిన్న నిల్వ గడిని) చదవబోతే దీనికి తిరగబడిన లోపం పుడుతుంది. నిద్రలో ఉన్న చిప్ జవాబు చెప్పలేదు కనుక అన్నీ సున్నాలో, అన్నీ ఒకట్లో వస్తాయి, వాటిని నిజమైన విలువలుగా నమ్మిన డ్రైవర్ తప్పుదారి పట్టి యంత్రం బిగుసుకుపోతుంది. ఐ915లో రిజిస్టర్లను ముట్టుకునే ముందు ‘ఫోర్స్‌వేక్’ అనే ఏర్పాటుతో చిప్‌ను మేల్కొలిపి ఉంచడం ఇందుకోసమే.

ఆదా పద్ధతులను డ్రైవర్లలో నిలబెట్టడం ఎంత కష్టమో ఆర్‌సీ6 చరిత్ర చెబుతుంది. 2011 జనవరిలో వచ్చిన ఇంటెల్ శాండీబ్రిడ్జ్ ప్రాసెసర్లలో, పని లేనప్పుడు గ్రాఫిక్స్ భాగాన్ని దాదాపు పూర్తిగా ఆపే స్థితి ఇది. లినక్స్‌లో దీన్ని పెట్టడం, కొన్ని యంత్రాలు బిగుసుకుపోవడం, తెరమీద చెత్త కనబడడం, మళ్లీ తీసివేయడం ఒకటికి రెండుసార్లు జరిగింది. వీటీ–డీ అనే మెమరీ రక్షణ సౌకర్యం నడుస్తున్నప్పుడు చిక్కు వస్తున్నదని గుర్తించి ఆ కలయికను మినహాయించారు, మరింత లోతైన నిద్రస్థితులను పక్కన పెట్టారు. చివరికి 2012 మేలో వచ్చిన 3.4 కెర్నెల్‌లో సాధారణ ఆర్‌సీ6 మాత్రమే అందరికీ అమలులోకి వచ్చింది. ఆ ఏడాదికి పైగా కాలంలో ఎక్కువ శ్రమ పట్టింది, చెడుతున్న యంత్రాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న అంశం ఏమిటో కనిపెట్టడానికే. మీరు ఈ పనిలోకి దిగితే మీ శ్రమ కూడా అక్కడే ఎక్కువగా ఖర్చవుతుంది, దానికి నిరుత్సాహపడకండి.

దోషాన్ని తెచ్చిన మార్పును పట్టుకోవడానికి, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ‘బైసెక్ట్’ అనే సాధనం ఉంది. బాగున్న కెర్నెల్‌కూ చెడిన కెర్నెల్‌కూ మధ్య ఉన్న మార్పుల్లో సరిగ్గా నడిమిదాన్ని అది ముందుకు తెస్తుంది. మీరు దాన్ని తయారుచేసి, పరీక్షించి, మంచిదో చెడ్డదో చెబితే మిగిలిన సగంలో మళ్లీ నడిమిదాన్ని ఇస్తుంది. ఇలా పదివేల మార్పులున్నా 14 పరీక్షల్లో ఒక్క మార్పు దగ్గరికి చేరవచ్చు. సాధారణ ల్యాప్‌టాప్‌మీద పూర్తి కెర్నెల్‌ను తయారుచేయడానికి చాలా సమయం పడుతుంది కాబట్టి, ‘మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ అనే ఆదేశంతో మీ యంత్రం వాడుతున్న భాగాలను మాత్రమే ఎంచుకోండి. అప్పుడప్పుడు మాత్రమే కనబడే దోషం విషయంలో తొందరపడి ‘మంచిది’ అని చెప్పరాదు. ఒక్క జవాబు తప్పితే అక్కడినుంచి వెతుకులాట అంతా తప్పు సగంలోనే సాగుతుంది. ఇబ్బంది మామూలుగా గంటలోపు కనబడేదైతే, కనీసం మూడు నాలుగు గంటలు గమనించిన తరువాతే నిర్ణయానికి రండి.

దోషి దొరికిన తరువాత ఆ మార్పును ఉన్నపళంగా వెనక్కి తీయడం తేలికే కాని, అది మరెవరి ఇబ్బందినో తీర్చడానికి పెట్టినది కావచ్చు. దాన్ని రాసినవారి వివరణ పూర్తిగా చదవండి. ఒక ప్రత్యేక తెరలోనే దోషం ఉన్నదని రుజువు చేయగలిగితే ఆ తెరకు మినహాయింపు రాయడం న్యాయం. లేకపోతే లెక్క తప్పిన చోటును, గమనించకుండా వదిలేసిన దారిని సరిచేయాలి. సరిచేశాక తెర బాగుందని తృప్తి పడకుండా, ఆదా నిజంగా జరుగుతున్నదో లేదో కూడా చూడండి. ఐ915లో డీబగ్ఎఫ్ఎస్ (కెర్నెల్ లోపలి సమాచారాన్ని ఫైళ్లుగా చూపే చోటు) కింద ఉండే ‘ఐ915_ఈడీపీ_పీఎస్ఆర్_స్టేటస్’ ఫైలు పీఎస్ఆర్ నడుస్తున్నదో లేదో తెలుపుతుంది. తెలియకుండానే ఆదాను ఆపేసి, లోపం పోయిందనుకునే ప్రమాదం ఈ పనిలో ఎప్పుడూ పొంచి ఉంటుంది. నా దృష్టిలో అది మొదటి లోపంకంటే హానికరం, ఎందుకంటే బ్యాటరీ త్వరగా అయిపోతున్నదని ఫిర్యాదు చేసేవారు డ్రైవర్‌ను అనుమానించరు.

పంపే ముందు కెర్నెల్‌తోపాటే వచ్చే ‘చెక్‌ప్యాచ్’ స్క్రిప్టుతో రాత తీరును సరిచూసుకుని, ఎవరికి పంపాలో ‘గెట్ మెయింటెయినర్’ స్క్రిప్టును అడిగి, ఈమెయిల్‌లో పంపండి. ఏమి చేశారన్నదానికంటే ఎందుకు చేశారన్నది వివరంగా రాయండి. దోషం తెచ్చిన మార్పును ‘ఫిక్సెస్’ అన్న వరుసలో, దాని గుర్తింపులోని మొదటి 12 అక్షరాలతో ఉదహరించండి. మీరెవరో తెలిసే పేరుతో ‘సైన్డ్ ఆఫ్ బై’ వరుస తప్పనిసరి. ఇప్పటికే వాడుకలో ఉన్న కెర్నెళ్లకు కూడా మీ సవరణ చేరాలంటే స్టేబుల్ బృందానికి నకలు వెళ్లాలి. అయితే ముందుగా ప్రధాన కెర్నెల్‌లో చేరని సవరణను వారు తీసుకోరు, చుట్టుపక్కల వరుసలతో కలిపి వంద వరుసలు మించరాదని కూడా వారి నియమం. మీ మార్పు అంతకంటే పెద్దదైతే రెండుగా విడదీసి, లోపాన్ని సరిచేసే చిన్న భాగాన్ని ముందు పంపండి. కోడ్‌ను చక్కదిద్దే మిగతా భాగం తరువాతి విడుదలకు వెళ్లవచ్చు.